పనిచేసే చోట యంత్రం చెడితే ఫిర్యాదు ఉత్తరం రాయడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, నాచారం, కాటేదాన్, పాశమైలారం పారిశ్రామికవాడల్లో యంత్రాల మీద పనిచేసేవాళ్లు, వాళ్ల సూపర్‌వైజర్లు, చిన్న వర్క్‌షాప్ ఓనర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి. ఉత్తరం ఎంత గట్టిగా రాశామన్నది కాదు, ఎంత కచ్చితంగా రాశామన్నదే పని జరిపిస్తుంది. కింద చెప్పే ప్రతి జవాబుకూ మూలం ఇదే.

నోటితో చెబితే సరిపోదా? ఉత్తరం దేనికి?

సరిపోదు. నోటిమాట షిఫ్ట్ మారగానే పోతుంది. మీరు ఫిట్టర్‌కి చెప్తారు, ఆయన సూపర్‌వైజర్‌కి చెప్పారో లేదో మీకు తెలియదు. సూపర్‌వైజర్ పైకి చెప్పినా, స్పేర్ పార్టు కొనడానికి డబ్బు మంజూరు చేసే మనిషి దగ్గర కాగితం ఏదీ ఉండదు. కాగితం లేకపోతే కొనుగోలు ఉండదు.

ఇంకో కారణం దీనికంటే పెద్దది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫార్మా కర్మాగారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడ యంత్రాలు పాతబడ్డాయని యాజమాన్యానికి ముందే చెప్పినా పట్టించుకోలేదని ఒక మృతుడి కుటుంబం పోలీసులకిచ్చిన ఫిర్యాదులో ఆరోపించింది. ఇలాంటి సందర్భంలో ముందే చెప్పామనడానికి తేదీ, సంతకం, ముద్ర ఉన్న కాగితం ఒక్కటి ఉంటే దాని విలువ వేరు. ప్రమాదం జరగకముందే ఆ కాగితం పుట్టాలి. తర్వాత రాసినదాన్ని ఎవరూ అంతగా నమ్మరు.

పైగా ఇది మీ హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 1948 కర్మాగారాల చట్టం స్థానంలో వచ్చింది. సురక్షితం కాని పరిస్థితి కంటపడితే వీలైనంత త్వరగా యజమానికి తెలపాలని అందులోని 13వ సెక్షన్ ఉద్యోగికే చెబుతుంది. కాబట్టి ఉత్తరం రాసేటప్పుడు ఏదో తప్పు చేస్తున్నట్టు సంకోచించనక్కర్లేదు.

ప్రతి చిన్న రిపేరుకీ ఉత్తరం రాయాలా?

అక్కర్లేదు. అలా రాస్తే అసలైన ఉత్తరం వచ్చిన రోజు దాన్నెవరూ పట్టించుకోరు. ఆయిల్ కారుతోంది, బెల్టు శబ్దం చేస్తోంది, బల్బు పోయింది లాంటివి మెయింటెనెన్స్ రిజిస్టరులో రాస్తే చాలు. మూడు సందర్భాల్లో మాత్రం ఉత్తరం తప్పనిసరి. చెయ్యి, కన్ను, ప్రాణం పోయే అవకాశం ఉన్నప్పుడు, ఒక్కసారే కనిపించినా సరే. రిజిస్టరులో రెండుసార్లు రాసినా అదే లోపం మళ్లీ వచ్చినప్పుడు. గార్డు (కదిలే భాగానికి అడ్డుగా ఉండే కవచం), లిమిట్ స్విచ్ (హద్దు దాటకుండా యంత్రాన్ని ఆపేది), ఎమర్జెన్సీ స్టాప్, ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే లైన్ కట్ చేసేది) లాంటి రక్షణ సాధనాన్ని ఎవరైనా తీసేసినప్పుడు లేదా బైపాస్ చేసినప్పుడు. ఈ మూడోదాన్ని చాలామంది లోపంగానే లెక్కపెట్టరు, యంత్రం బాగానే నడుస్తోంది కదా అనుకుంటారు. నిజానికి అన్నిటికంటే ముందు రాయాల్సింది దాని గురించే.

ఎవరి పేరున రాయాలి?

మనిషి పేరున కాదు, హోదా పేరున. మేనేజర్ మారినా ఉత్తరం ఆ కుర్చీకే చెందుతుంది. పెద్ద కర్మాగారంలో ఫ్యాక్టరీ మేనేజర్‌కు రాసి, ‘ద్వారా’ అన్నచోట మీ సూపర్‌వైజర్ హోదా పెట్టండి. సేఫ్టీ ఆఫీసర్ ఉంటే ఆయనకో ప్రతి ఇవ్వండి. 500 మంది, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250 మంది కార్మికులున్న కర్మాగారంలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. సేఫ్టీ కమిటీ ఉంటే అందులోని కార్మిక ప్రతినిధికీ ఒక ప్రతి అందాలి.

పదిహేను మంది పనిచేసే షెడ్డులో ఇవేవీ ఉండవు, ఓనర్ ఒక్కరే ఉంటారు. రోజూ ‘అన్నా’ అనో ‘సేఠ్’ అనో పిలిచే మనిషికి ఉత్తరం ఇవ్వడం ఇబ్బందిగానే ఉంటుంది. ముందు నోటితో చెప్పి, ‘మీ దగ్గర కూడా ఉంటుందని రాసి ఇస్తున్నా’ అని ఇవ్వండి. రాతలో మాత్రం ‘ప్రొప్రయిటర్ గారికి’ అనే ఉండాలి.

ఉత్తరంలో ఏమేం ఉండాలి?

ఒక పేజీ చాలు. రెండో పేజీ ఎవరూ తిప్పరు. తేదీ, ఎవరికి, విషయం, సూచిక రాశాక అసలు సంగతిలో ఇవి రావాలి.

యంత్రం గుర్తింపు: కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, కర్మాగారం వేసుకున్న సొంత నంబరు, ఏ షాపులో ఏ బేలో ఉందో. ‘మన పెద్ద ప్రెస్’ అంటే ఇవాళ అందరికీ అర్థమవుతుంది, ఆరు నెలల తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లకు అర్థం కాదు. నేమ్‌ప్లేట్ చెరిగిపోయి ఉంటే ఆ సంగతే రాయండి, అదీ ఒక లోపమే.

జరిగింది: తేదీ, గంట, షిఫ్ట్, అప్పుడు ఏ పని నడుస్తోంది, యంత్రం ఏం చేసింది, ఎన్నిసార్లు చేసింది, ఎవరు చూశారు.

ముందు చెప్పిన వివరాలు: ఎవరికి, ఏ తేదీన, రిజిస్టరులో ఏ పేజీలో, దానికి ఏం చేశారు. ఫిట్టర్ వచ్చి స్ప్రింగ్ మార్చి ఉంటే దాచకుండా రాయండి. ‘ఎవరూ ఏమీ చేయలేదు’ అని రాశాక అవతలివాళ్లు రిపేరు బిల్లు చూపిస్తే మొత్తం ఉత్తరం విలువ పోతుంది.

జరగబోయే నష్టం: ఒకటి రెండు వాక్యాలు. ‘డై మధ్య చెయ్యి ఉన్నప్పుడు ర్యామ్ దిగితే వేళ్లు తెగుతాయి’ అని ఉన్నదున్నట్టు (డై అంటే రేకును కోసే అచ్చు, ర్యామ్ అంటే పైనుంచి దిగి కొట్టే భాగం). పెంచి చెప్పాల్సిన పని లేదు.

కోరిక: ఎక్కువ ఉత్తరాలు చెడేది ఇక్కడే. ‘తగు చర్య తీసుకోగలరని ప్రార్థన’ అన్న వాక్యం మనకు బడి నుంచే అలవాటు. దానికి జవాబుగా ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, ఎందుకంటే ఏది తగు చర్యో మీరు చెప్పలేదు. దాని బదులు ఏం చేయాలి, ఎప్పటిలోగా, చేశాక మీకెలా తెలపాలి అన్న మూడూ రాయండి. ‘మరమ్మతు అయ్యేదాకా 3వ నంబరు ప్రెస్ ఆపాలి. క్లచ్, బ్రేక్ విప్పి చూపించాలి. పరీక్షించినవారి నివేదిక ప్రతి నాకు ఇవ్వాలి.’ ఇలా రాస్తే అవతలి మనిషి ఒక్కోదానికీ అవుననో కాదనో అనాల్సిందే.

చివర సంతకం, పూర్తి పేరు, ఉద్యోగి నంబరు, ఫోన్, జతపరచినవాటి జాబితా, ప్రతులు ఎవరెవరికి ఇచ్చారో.

లోపాన్ని ఎలా వర్ణించాలి? నాకు టెక్నికల్ మాటలు రావు.

రాకపోవడమే ఒక్కోసారి మేలు. మీరు చూసినది రాయండి, కారణం మాత్రం నిర్ధారించకండి. ‘మోటారు కాలిపోయింది’ అని రాస్తే ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు బాగానే ఉందని రాసి వెళ్లిపోతారు. తప్పు స్టార్టర్‌లో ఉంటే అది అలాగే ఉండిపోతుంది. ‘స్టార్ట్ నొక్కితే హమ్మింగ్ వస్తోంది, షాఫ్ట్ తిరగడం లేదు, రెండు నిమిషాల్లో కాలిన వాసన వచ్చింది’ అని రాస్తే ఏ ఎలక్ట్రీషియనైనా సరైన చోటే వెతుకుతారు.

హైదరాబాద్ షెడ్లలో ఎక్కువగా కనిపించే యంత్రాలకు ఏం గమనించాలో చూద్దాం.

పవర్ ప్రెస్: పెడల్ ఒక్కసారి తొక్కితే ర్యామ్ రెండుసార్లు దిగడాన్ని డబల్ స్ట్రోక్ అంటారు. క్లచ్ పిన్ అరగడం, లాచ్ స్ప్రింగ్ బలహీనపడటం, బ్రేక్ లైనింగ్ అరిగి జారడం సాధారణ కారణాలు. మీరు రాయాల్సినవి: ఎన్ని స్ట్రోకులకు ఒకసారి వస్తోంది, యంత్రం వేడెక్కాకా లేక ఉదయం మొదట్లోనా, స్ట్రోక్ అయ్యాక ర్యామ్ పైన నిలుస్తోందా కిందికి జారుతోందా. రెండు చేతుల బటన్లుంటే ఒక బటన్‌ను టేపుతో అతికించి నడిపిస్తున్నారా అన్నదీ రాయండి.

బెంచ్ గ్రైండర్: టూల్ రెస్ట్‌కూ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే పని ముక్క లోపలికి లాగుకుపోయి రాయి పగులుతుంది. స్కేలు పెట్టి కొలిచి అంకె రాయండి, కానీ రాయి పూర్తిగా ఆగి, స్విచ్ తీసేశాకే. రాయి మీద ముద్రించిన గరిష్ఠ ఆర్‌పీఎం, గ్రైండర్ ప్లేటు మీది ఆర్‌పీఎం పక్కపక్కన రాయండి. రాయిది తక్కువైతే వేరే వివరణ అక్కర్లేదు. చేతి గ్రైండర్‌కు గార్డు తీసి పెద్ద డిస్కు బిగించడమూ ఇదే తప్పు.

షాక్ కొట్టే యంత్రం: ‘కరెంటు వస్తోంది’ అని ఊరుకోకుండా, ఎక్కడ చెయ్యి పెడితే, తడి నేల మీదా పొడి నేల మీదా, ఏ బోర్డులో పెడితే అన్నది రాయండి. మనుషుల రక్షణకు పెట్టే ఈఎల్‌సీబీ సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది. అది మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించి లైన్ కలిపేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ట్రిప్ అవడమంటే అది తన పని చేస్తోందనే, లోపం యంత్రంలో ఉందనే. యంత్రం బాడీకీ ఎర్త్‌కూ మధ్య ఎంత వోల్టేజి ఉందో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించి రాయండి. మీరు కొలవవద్దు, మళ్లీ ముట్టి చూడవద్దు.

చైన్ పుల్లీ బ్లాక్, హాయిస్ట్, క్రేన్: హుక్‌కు లాచ్ ఉందా, బటన్ వదిలాక లోడు ఎన్ని అంగుళాలు జారుతోంది, పైన లిమిట్ స్విచ్ దగ్గర ఆగుతోందా, వైర్ రోప్‌లో తీగలు తెగి బయటికొచ్చాయా. సామాను ఎత్తే యంత్రాలను, గొలుసులను, తాళ్లను ఏడాదికొకసారైనా, హాయిస్టులను, లిఫ్టులను ఆరు నెలలకొకసారైనా అర్హత గల వ్యక్తి పరీక్షించాలని 1948 చట్టంలోనే ఉంది. ఇది మీకు గొప్ప ఆయుధం: ‘చివరి పరీక్ష నివేదిక తేదీ తెలపగలరు’ అన్న ఒక్క వాక్యం చేర్చండి. పరీక్ష జరగనే లేదంటే ఆ సంగతి దానంతటదే బయటపడుతుంది.

ఎయిర్ కంప్రెసర్: సేఫ్టీ వాల్వ్ ఎంత ప్రెషర్‌కు తెరుచుకోవాలని ప్లేటు మీద ఉంది, గేజ్ ఎంత చూపించేదాకా అది తెరుచుకోలేదు. ఆ రెండు అంకెలు చాలు.

నమూనా ఉత్తరం ఒకటి ఇస్తారా?

తేదీ: ………
హైదరాబాద్

గౌరవనీయులైన ఫ్యాక్టరీ మేనేజర్ గారికి,
……… కంపెనీ, ఫేజ్ ……, జీడిమెట్ల పారిశ్రామికవాడ

ద్వారా: ప్రెస్ షాప్ సూపర్‌వైజర్ గారు

విషయం: ప్రెస్ షాప్ 3వ నంబరు పవర్ ప్రెస్ డబల్ స్ట్రోక్ కొట్టడం – నడపడం ఆపి మరమ్మతు చేయించమని కోరడం గురించి

సూచిక: మెయింటెనెన్స్ రిజిస్టరు, ఈ నెల 4, 9 తేదీల ఎంట్రీలు

అయ్యా,

నేను ప్రెస్ షాప్‌లో ‘ఎ’ షిఫ్ట్ ఆపరేటర్‌ను. 3వ నంబరు ప్రెస్, 50 టన్నులు, సీరియల్ నంబరు ………, ఈ నెల 11న ఉదయం 10:40కి పెడల్ ఒక్కసారి తొక్కితే రెండుసార్లు దిగింది. అదే షిఫ్ట్‌లో 2:15కి మళ్లీ జరిగింది. అప్పుడు వాషర్ బ్లాంకింగ్ పని నడుస్తోంది. పక్క యంత్రం ఆపరేటర్ చూశారు.

ఇదే లోపాన్ని 4న, 9న రిజిస్టరులో రాశాం. 9న లాచ్ స్ప్రింగ్ మార్చారు. అయినా తగ్గలేదు. ముందు వైపు గార్డు గత నెల డై మార్చినప్పుడు తీశారు, తిరిగి బిగించలేదు.

ముక్క తీయడానికి చెయ్యి డై మధ్యకు వెళ్తుంది. ఆ క్షణంలో ర్యామ్ రెండోసారి దిగితే వేళ్లు తెగే ప్రమాదం ఉంది.

కాబట్టి:
మరమ్మతు అయ్యేవరకు ఈ ప్రెస్‌ను ఆపి, మెయిన్ స్విచ్‌కు తాళం వేసి ‘నడపవద్దు’ బోర్డు పెట్టించగలరు.
క్లచ్, బ్రేక్ పూర్తిగా విప్పి పరీక్ష చేయించి, గార్డు బిగించాకే నడిపించగలరు.
పరీక్ష వివరాలను ఈ నెల 18లోగా నాకు రాతపూర్వకంగా తెలపగలరు.
అంతవరకు నన్ను 5వ నంబరు ప్రెస్ మీద గానీ మీరు చెప్పిన మరో పనిలో గానీ పెట్టగలరు. నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
సంతకం, పేరు, ఉద్యోగి నంబరు

జతపరచినవి: రిజిస్టరు పేజీల నకలు, నేమ్‌ప్లేట్ ఫోటో
ప్రతి: సేఫ్టీ ఆఫీసర్ గారికి

ఇందులో చివరి అభ్యర్థనను తీసేయకండి. పని మానుకోవడం మీ ఉద్దేశం కాదని, ఆ ఒక్క యంత్రమే వద్దంటున్నారని చెప్పేది అదే.

ఇంగ్లిష్‌లోనే రాయాలా?

అవసరం లేదు. మీకు బాగా వచ్చిన భాషలో రాయండి. తెలుగులో రాసినా మోడల్, సీరియల్ నంబరు లాంటివి ప్లేటు మీద ఎలా ఉంటే అలాగే దించండి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన తోటి కార్మికులు సంతకం చేస్తుంటే, ముందు హిందీలో చదివి వినిపించి ఆ మాట ఉత్తరంలోనే రాయాలి. చదవకుండా సంతకం చేయించారన్న మాట తర్వాత రాకూడదు.

ఫోటోలు, వీడియోలు పెట్టవచ్చా?

లోపలికి ఫోన్ అనుమతి ఉంటేనే. ఫార్మా, రక్షణ రంగ యూనిట్లలో ఫోన్ నిషేధం ఉంటుంది. సాల్వెంట్ ఆవిరి ఉండే చోట ఫోన్ కూడా నిప్పుకు కారణం కావచ్చు. నిషేధం ఉన్నచోట దొంగచాటుగా తీస్తే చర్చ యంత్రం నుంచి మీ మీదికి మళ్లుతుంది. అక్కడ పెన్సిల్‌తో గీసిన బొమ్మ, కొలతలు, రిజిస్టరు పేజీ నంబరు చాలు.

అనుమతి ఉంటే నాలుగు ఫోటోలు: యంత్రం మొత్తం, నేమ్‌ప్లేట్, లోపం దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి ఇంకోటి. అసలు ఫైలు ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గి, తీసిన సమయం వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు మారదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఫైలు, అది తీసిన ఫోన్ మీ దగ్గరుంటే ఆ పని తేలిక.

ఉత్తరం ఇచ్చానని రుజువు ఎలా?

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్వర్డ్ నంబరు (వచ్చిన ఉత్తరాల రిజిస్టరులో వేసే నంబరు), తేదీ, ముద్ర, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. ఈ రిసీవ్డ్ కాపీ ఇంట్లో ఉండాలి, లాకర్ రూమ్‌లో కాదు.

‘ముద్ర వేయం, ఉంచి వెళ్లు’ అంటే గొడవపడకండి. అదే రోజు స్పీడ్ పోస్టు చేయండి. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి కౌంటరులో రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు కూడా కావాలని అడగండి. రసీదును ఉత్తరం ప్రతికి పిన్ చేసి, ట్రాకింగ్‌లో చేరినట్టు చూపిన పేజీని ప్రింట్ తీసి పెట్టుకోండి. రసీదుల మీది అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, వెంటనే జిరాక్స్ తీయించడం మంచిది.

వాట్సాప్ లేదా ఈమెయిల్ చాలదా?

ఈమెయిల్ బాగానే పనిచేస్తుంది, కంపెనీ ఐడీ నుంచి పంపితే మీ సొంత ఐడీకీ కాపీ పెట్టుకోండి. ఉద్యోగం పోయిన రోజే కంపెనీ మెయిల్ మూతపడుతుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టింది మాత్రం గుడ్ మార్నింగ్ సందేశాల కింద కూరుకుపోతుంది. వెంటనే హెచ్చరించడానికి వాట్సాప్ వాడండి, ఆ తర్వాత ఉత్తరం ఇవ్వండి.

ఎన్ని రోజులు ఆగాలి?

ప్రాణాపాయం ఉంటే ఆగడమే లేదు, కింది జవాబు చూడండి. గాయం అయ్యే అవకాశం మాత్రమే ఉంటే ఏడు రోజులు, పని నాణ్యత దెబ్బతినే లోపమైతే పదిహేను రోజులు. ఇవి చట్టం పెట్టిన గడువులు కావు, ఆచరణలో సబబుగా నిలిచేవి. గడువు దాటాక మూడు వాక్యాల రిమైండర్: మొదటి ఉత్తరం తేదీ, ఇన్వర్డ్ నంబరు, లోపం ఇప్పుడెలా ఉంది. రెండో రిమైండర్ అక్కర్లేదు, దాని బదులు పైఅధికారికి వెళ్లాలి.

ప్రమాదం కళ్ల ముందే ఉంది, అయినా నడపమంటున్నారు. ఏం చేయాలి?

తీవ్రమైన గాయం, మరణం ఇప్పుడే సంభవించవచ్చన్న సహేతుకమైన భయం ఉంటే, యజమానికీ ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్‌కూ (ప్రభుత్వ తనిఖీ అధికారికి) ఒకేసారి తెలిపే హక్కును కొత్త కోడ్ 14వ సెక్షన్ ఇచ్చింది. ముందు యజమాని జవాబు కోసం ఎదురుచూడనక్కర్లేదు. అలాంటి ప్రమాదం ఉందని యజమాని ఒప్పుకుంటే వెంటనే సరిచేసి ఇన్‌స్పెక్టర్‌కు నివేదిక పంపాలి. ఒప్పుకోకపోతే సంగతిని ఇన్‌స్పెక్టర్‌కే పంపాలి. అక్కడ ఇన్‌స్పెక్టర్ నిర్ణయమే అంతిమం. ఈ సెక్షన్ నంబరును ఉత్తరంలో ‘విషయం’ అన్నచోటే రాయండి.

మీరొక్కరే ఆ యంత్రం వద్దని, వేరే పని చేస్తానని రాసివ్వడం ఒక దారి. షాపంతా కలిసి పని ఆపేయడం పూర్తిగా వేరు. అది సమ్మె కిందికి వస్తుంది, దానికి 14 రోజుల ముందస్తు నోటీసు నియమం ఉంది. సగం మంది, అంతకు పైగా కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెట్టినా సమ్మెగానే లెక్క. కోపంలో ఈ తేడా మరిచిపోతే, న్యాయం మీ వైపున్నా కాగితం మీకు ఎదురు తిరుగుతుంది.

ఫ్యూజులు పీకేయడం, వైర్లు కత్తిరించడం అసలే వద్దు. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి, సూపర్‌వైజర్‌ను పిలిచి, తాళం ఆయన చేత వేయించండి.

బయట ఎవరికి ఫిర్యాదు చేయాలి?

కర్మాగారం అయితే రాష్ట్ర కర్మాగారాల శాఖ ఇన్‌స్పెక్టర్‌కు. బాయిలర్ అయితే బాయిలర్ల శాఖకు. షాపులు, ఆఫీసులైతే కార్మిక శాఖకు. ఆ శాఖ కమిషనర్ కార్యాలయం ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంటుంది.

ఇక్కడ హైదరాబాద్ వాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. చిరునామాలో హైదరాబాద్ అనే రాస్తాం, కానీ జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, నాచారం మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో ఉన్నాయి. కాటేదాన్ రంగారెడ్డిది, పాశమైలారం సంగారెడ్డిది. అజామాబాద్, సనత్‌నగర్ లాంటివి హైదరాబాద్ జిల్లా. వేరే జిల్లా అధికారికి ఇస్తే మీ కాగితం అక్కడినుంచి ఇక్కడికి రావడానికే వారాలు పడుతుంది. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చినా అదే నియమం, మీ జిల్లా కలెక్టరేట్‌లోనే ఇవ్వాలి. అక్కడా కాగితం చివరికి సంబంధిత శాఖకే వెళ్తుంది కాబట్టి, ఇన్‌స్పెక్టర్‌కు నేరుగా పంపిన తర్వాతే ప్రజావాణి.

బయటికి పంపే ఫిర్యాదుకు మొదటి ఉత్తరం రిసీవ్డ్ కాపీ, రిమైండర్ జతచేయండి. లోపల అడగకుండా నేరుగా వచ్చారన్న మాట రాదు.

నా పేరు బయటపడితే ఉద్యోగం పోతుందేమో?

ఈ భయం నిజమైనదే, తేలిగ్గా తీసుకోం. ఫిర్యాదు ఎవరి నుంచి వచ్చిందో ఇన్‌స్పెక్టర్ గోప్యంగా ఉంచాలన్న నియమాన్ని 1987 సవరణలోనే కర్మాగారాల చట్టంలో 118ఎ సెక్షన్‌గా చేర్చారు. మీ పేరు గోప్యంగా ఉంచమని ఫిర్యాదులోనే ఒక వాక్యం రాయండి. అయితే ఆ ప్రెస్ మీద ముగ్గురే పనిచేస్తుంటే ఎవరు రాశారో ఊహించడం కష్టం కాదు. అందుకే వీలైతే సేఫ్టీ కమిటీ ప్రతినిధి చేత గానీ యూనియన్ లెటర్‌హెడ్ మీద గానీ పంపించండి. పదిమంది సంతకాలతో వెళ్లిన ఉత్తరంలో ఒక్కరిని వేరుచేయడం కష్టం. సంతకాలు గుండ్రంగా పెడితే మొదటి పేరంటూ ఉండదు. ఆకాశరామన్న ఉత్తరం మాత్రం వద్దు, చాలాచోట్ల దాన్ని ఫైలు కూడా చేయరు.

ఉత్తరంలో మనుషుల్ని తిట్టకపోవడం కూడా మీకు రక్షణే. ‘సూపర్‌వైజర్ నిర్లక్ష్యం’ అన్న రెండు మాటలు రాస్తే ఆయన తనను కాపాడుకోవడానికి మీకు ఎదురు నిలబడతారు. అవి లేకపోతే, చాలాసార్లు ఆయనే ఉత్తరాన్ని పైకి తీసుకెళ్తారు, ఆయనకూ కొత్త క్లచ్ కావాలి మరి.

నేను కాంట్రాక్టర్ కింద పనిచేస్తాను. ఎవరికి ఇవ్వాలి?

ఇద్దరికీ. కాంట్రాక్టర్ పేరున రాసి, ప్రతి ఫ్యాక్టరీ మేనేజర్‌కు ఇవ్వండి, రెండింటి మీదా ముద్ర వేయించుకోండి. యంత్రం కంపెనీది, మనిషి కాంట్రాక్టర్‌వాడు అన్న సందులోనే ఈ ఫిర్యాదులు పోతుంటాయి. గేట్ పాస్ నంబరు తప్పక రాయండి, మీరు అక్కడ పనిచేస్తున్నారనడానికి ఒక్కోసారి అదొక్కటే ఆధారం.

‘నువ్వే పాడుచేశావు, ఇప్పుడు ఫిర్యాదు ఇస్తావా?’ అంటే?

ఈ మాట వస్తుందని ముందే అనుకుని రాయాలి. యంత్రం మీ చేతికి వచ్చినప్పుడు ఎలా ఉందో షిఫ్ట్ మొదట్లోనే రిజిస్టరులో ఒక వాక్యం రాయడం అలవాటు చేసుకోండి. లోపం ఇతర షిఫ్ట్‌లలోనూ వస్తే ఆ ఎంట్రీల తేదీలు చేర్చండి. మీ వల్ల నిజంగా ఏదైనా జరిగి ఉంటే, పొరపాటున ఓవర్‌లోడ్ పెట్టి ఉంటే, అదీ రాయండి. నిజాయితీగా ఒప్పుకున్న చిన్న పొరపాటు మిగతా మాటలన్నిటినీ నమ్మిస్తుంది.

ప్రమాదం ఇప్పటికే జరిగిపోయింది. ఇప్పుడు రాస్తే ప్రయోజనం ఉందా?

ఉంది, కానీ వరస మారుతుంది. ముందు వైద్యం. ఈఎస్ఐ ఉంటే కార్డు తీసుకుని డిస్పెన్సరీకి, తీవ్రమైతే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లి, గాయం పనిలోనే అయిందని కేస్ షీటులో రాయించండి. ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాయిస్తే తర్వాత పరిహారం దగ్గర అదే అడ్డం వస్తుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. 48 గంటలు, అంతకు మించి పనికి రాలేని గాయమైతే యాజమాన్యం అధికారులకు నోటీసు పంపాలి, పంపారా అని రాతలో అడగండి. యంత్రాన్ని తనిఖీ అయ్యేదాకా విప్పవద్దని అదే ఉత్తరంలో కోరండి. ఖాళీ కాగితం మీద, చదవని స్టేట్‌మెంట్ మీద సంతకం చేయకండి.

నేను చిన్న ఓనర్‌ని. కొత్తగా కొన్న మెషీనే చెడిపోయింది. ఎవరికి రాయాలి?

డీలర్‌కూ తయారీ కంపెనీకీ ఒకే రోజు, ఇన్‌వాయిస్ నంబరు, ఇన్‌స్టాలేషన్ రిపోర్టు తేదీ, వారంటీ కాలం, సర్వీసు కాల్ నంబర్లతో. సర్వీసు ఇంజినీర్ వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఆయన రిపోర్టు ప్రతి అడిగి తీసుకోండి. ‘పనిచేస్తోంది’ అని రాసి సంతకం అడిగితే, కనీసం ఒక గంట లోడు మీద నడిపి చూశాకే పెట్టండి.

వ్యాపారం కోసం కొన్నవాటికి వినియోగదారుల చట్టం సాధారణంగా వర్తించదు. కానీ స్వయం ఉపాధి కోసం, బతుకుతెరువుకు కొని సొంతంగా వాడుకునే టైలరింగ్ మెషీన్, పిండి మర లాంటివాటికి 2019 చట్టం మినహాయింపు ఇచ్చింది. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో, రెండేళ్లలోగా వేయాలి. ముందు 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే చాలా డీలర్లు అక్కడే దిగొస్తారు.

ఆసుపత్రిలో, ఐటీ ఆఫీసులో పనిచేసేవాళ్లకూ ఇదే పద్ధతా?

పద్ధతి అదే, చిరునామా మారుతుంది. ఆఫీసులో విరిగిన కుర్చీ, ఉబ్బిన లాప్‌టాప్ బ్యాటరీ అయితే టికెట్ నంబరే మీ ఇన్వర్డ్ నంబరు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం టికెట్ తేలేదాకా వాడకండి, చార్జింగ్ పెట్టకండి. ఆసుపత్రిలో ఇన్‌ఫ్యూజన్ పంపు, వెంటిలేటర్ లాంటివి తప్పుగా పనిచేస్తే బయోమెడికల్ విభాగానికి రాసి, మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే) కార్యక్రమానికి కూడా తెలపాలి. 1800-180-3024 నంబరులో దారి చూపిస్తారు. పరికరాన్ని తుడిచేయకుండా, సెట్టింగులు మార్చకుండా పక్కన పెట్టాలి.

మరమ్మతు అయిపోయింది. ఇంక రాయాల్సింది ఏమైనా ఉందా?

ఒక్క చిన్న ఉత్తరం ఉంది, దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. యంత్రాన్ని తిరిగి ఇచ్చినప్పుడు ఏ భాగం మార్చారో అడిగి, గార్డు, ఎమర్జెన్సీ స్టాప్ పనిచేస్తున్నాయో లేదో సూపర్‌వైజర్ ఎదుటే చూడండి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే నొక్కినట్టే నిలవాలి. దాన్ని తిప్పి వదిలినంత మాత్రాన యంత్రం తిరగకూడదు, మళ్లీ స్టార్ట్ నొక్కితేనే తిరగాలి. ప్రెస్ అయితే డై మధ్య చెయ్యి పెట్టకుండా వంద స్ట్రోకులు ఖాళీగా కొట్టించి లెక్కపెట్టండి. తర్వాత ‘ఫలానా ఉత్తరానికి సంబంధించి ఫలానా తేదీన క్లచ్ పిన్, బ్రేక్ లైనింగ్ మార్చారు, వంద స్ట్రోకుల్లో లోపం కనిపించలేదు, ధన్యవాదాలు’ అని రాసిచ్చి దానికీ ముద్ర వేయించుకోండి. మేనేజర్‌కు అది చేసిన పనికి దక్కిన గుర్తింపు. నాలుగు నెలల తర్వాత అదే డబల్ స్ట్రోక్ మళ్లీ వస్తే మీ కొత్త ఉత్తరంలో ‘సూచిక’ దగ్గర మొదటగా వచ్చే తేదీ అదే.